కలనేతకు ఫోటో

మా నాయన మోసగాడని ఒక ఆడమనిషి గొంతు ఇప్పటికీ ఊళ్ళు తిరుగుతూనే ఉంది. పెళ్ళిళ్ల కాలం వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరి ఫోన్లో అది మళ్ళీ లేచి కూర్చుంటుంది. "ధర్మవరంలో ఈయప్ప దగ్గర మాత్రం చీర కొనొద్దండి, చూపించేది ఒగటి, పంపించేది ఒగటి" అంటుంది. దాని వెంట ఒక ఫోటో. మా ఇంటి గడప మీద, రెండు చేతుల మీదా చీర పరుచుకుని నిలబడిన మా నాయన. ఈ మధ్య అది మా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆవిడకు వచ్చింది. ఆయన మా నాయనని ఆమెకు తెలియదు. "నీది ధర్మవరమే గదా, మీవాళ్ళకు చెప్పు" అని నాకే పంపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెతో ఏమన్నానో ఇక్కడ రాయను గానీ, ఆ రోజు నుంచి ఆమె నాతో కలిసి అన్నం తినడం మానేసింది.

నేను పెనుకొండలో ఉంటాను. ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. పుట్టిల్లు ధర్మవరం. ముందుగదిలో గుంత మగ్గం, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నాయన, మగ్గం పక్కన రాట్నం మీద కండెలు చుడుతూ అమ్మ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ గది అట్లాగే ఉంది. సావుకారికి కూలికి నేసే చీరలు కొన్ని, సొంతంగా పట్టు కొని నేసుకుని అమ్ముకునేవి కొన్ని. సొంతంగా నేసేవన్నీ కలనేతలే. నాయనకు అవంటే పిచ్చి.

కలనేత అంటే పెద్ద విద్యేమీ కాదు. పొడుగున పోయే పోగులు, అంటే పడుగు, ఒక రంగు. అడ్డంగా పడే పేక ఇంకో రంగు. పడుగు ఎరుపు, పేక ఆకుపచ్చ అనుకోండి. ఇంట్లో చూస్తే చీర ఎర్రగా ఉంటుంది. ఎండలోకి తీసుకొచ్చి మడత తిప్పితే పచ్చగా మారుతుంది. కట్టుకున్న మనిషి కూర్చుంటే ఒక రంగు, లేచి నడిస్తే ఇంకో రంగు. "ఒగ చీర దుడ్డుతో రెండు చీరలు కట్టుకున్నట్ల" అని అమ్మ కొనేవాళ్ళను ఊరించేది.

నాయనకు ఒక పట్టింపు ఉండేది. కొనేవాళ్ళు చీరను గడప లోపల ఒకసారి, గడప బయట ఒకసారి చూడాలి. రెండూ చూడకుండా ధర చెప్పేవాడు కాదు. మబ్బు పడితే వచ్చినవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి, అమ్మతో కాఫీ పెట్టించి, ఎండ వచ్చేదాకా నిలిపేసేవాడు. బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళయినా సరే. "మాకు టైమవుతాంది పెద్దాయనా" అని వాళ్ళు గింజుకుంటే, "ఇంటికి పోయినంక మీరు నన్ను తిట్టుకోగూడదు గదమ్మా, ఉండండి" అనేవాడు. నాకు చిన్నప్పుడు విసుగ్గా ఉండేది. అమ్ముడుపోయే చీరను ఎండ కోసం ఆపడమేమిటని. ఆయన ఆ గదిలో అన్నేళ్ళు అమ్మిన చీరల్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఒక్కరు కూడా ఆయన్ను ఒక మాట అనలేదు.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను ధర్మవరంలోనే ఉన్నాను. అమ్మకు ఒంట్లో బాగలేదని చూడ్డానికొచ్చి ఇరుక్కుపోయాను. రైళ్ళు లేవు, బస్సులు లేవు. వీధి మొగదల కట్టెలు అడ్డం కట్టేశారు. అన్నిటికంటే నాకు దిగులేసింది మగ్గాల చప్పుడు ఆగిపోవడం. మా వీధిలో పుట్టినవాళ్ళకు ఆ చప్పుడు ఉందని తెలియదు, ఆగితేనే తెలుస్తుంది. పట్టు రాదు, సావుకారి అంగడి తెరవడు, పెళ్ళిళ్ళన్నీ వాయిదా. నేసి మడత పెట్టిన చీరలు బీరువాలో ఉండిపోయాయి.

మా బంధువులమ్మాయి ఒకతె హిందూపురంలో ఉంటుంది. "ఫోటోలు తీసి పెట్టక్కా, మా గ్రూపుల్లో వేస్తా" అంది. నాయనకు బటన్ల ఫోన్ తప్ప వేరేది లేదు. నా ఫోన్ తీసుకుని గడప దగ్గర నిలబెట్టాను. ఆయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఫోటోలో ఉండాల్సింది చీర నాయనా, నువ్వు కాదు అంటే విన్లేదు. "నేసినోడు కనబడొద్దా?" అన్నాడు.

తర్వాత, "రెండు తియ్యమ్మా. లోపల ఒగటి, బయట ఒగటి" అన్నాడు. అట్లాగే తీశాను. ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి. గ్రూపులో పెట్టగానే జవాబులొచ్చాయి. "ఆకుపచ్చ చీర మాకుంచండి, ఎర్రది వద్దు" అని ఒకరు. "రెండూ తీసుకుంటే తగ్గిస్తారా?" అని ఒకరు. అమ్మా తల్లీ, రెండూ ఒకటే చీర అని నేను వేళ్ళు నొప్పి పుట్టేలా టైపు చేస్తే, "అయితే ఎర్రగా ఉండే వైపు లోపలికి మడిచి కట్టుకోవచ్చా?" అని ఇంకొకామె. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ గడ్డు రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే. కానీ నవ్వితే చీర అమ్ముడుపోదు. ఫోన్లో అంత వివరం చదివే ఓపిక ఎవరికీ లేదు. రెండు ఫోటోలు పెడితే గందరగోళం, ఒకటి పెడితే బేరం. చివరికి బయట తీసిన ఫోటో ఒక్కటే పెట్టడం మొదలుపెట్టాం. నాయన ఒప్పుకోవడానికి చాలా కష్టపడ్డాడు. వేరే దారి లేదు కాబట్టి ఒప్పుకున్నాడు.

చీరలు పోయాయి. ఆ రోజుల్లో మా పొయ్యి వెలిగించింది ఆ ఫోనే. కాదంటే కళ్ళు పోతాయి. కొన్నవాళ్ళలో ఒకరిద్దరు రంగు సంగతి అడిగారు, ఫోన్ చేసి మర్యాదగా అడిగారు, చెబితే విన్నారు. అందరూ ఒకే కష్టంలో ఉన్నారు గనక మనిషి మాటను మనిషి నమ్మేవాడు. నాకు ఆ రోజుల మీద కోపం లేదు.

నా కోపమంతా ఆ తర్వాతి రోజుల మీద. దారులు తెరిచారు. రైళ్ళు తిరిగాయి. సంతలు కిటకిటలాడాయి. మా ఇంటి గడప తొక్కేవాళ్ళు మాత్రం రాలేదు. "ఫోటో పెట్టండి" అనేవాళ్ళే. రోగం పోయింది, రోగం నేర్పిన అలవాటు ఇల్లరికపు అల్లుడిలా తిష్ట వేసింది. పెనుకొండలో మా ఇంటి గోడకు అవతల ఉండే ఆవిడ గృహప్రవేశం పిలుపు ఫోన్లో పంపింది. తలుపు తీసి నాలుగడుగులు వేస్తే మా ఇల్లు. కుంకుమ పెట్టి పిలవడానికి ఆమెకు తీరిక లేదు, ఆ పిలుపు మీద కదిలే దీపాలు, పాట పెట్టించడానికి మాత్రం ఉంది. నేను పోలేదు. పొద్దున ఇడ్లీ కొట్టుకు పోతే, వెనకటికి "ఏమక్కా, పిల్లోళ్ళు బాగుండారా?" అని అడిగే మనిషి, ఇప్పుడు నా ముఖం చూడడు. డబ్బు పడిందని డబ్బా అరిచేదాకా చెవి అటే పెట్టుకుని ఉంటాడు. ముట్టుకుంటే రోగమొస్తుందని దూరం జరిగాం, సరే. రోగం పోయినాక దగ్గరికి జరగాలని ఎవరూ ఎందుకు చెప్పలేదు?

సావుకారి కూడా మారాడు. "కలనేతలు ఫోన్లో చచ్చు రంగొస్తాండాయప్పా. ఒగటే రంగు, కంటికి ఎగిరి కొట్టేటట్ల నెయ్యి" అన్నాడు నాయనతో. కూలి చీరలు కాబట్టి ఆయన చెప్పినట్టే నేశాడు. సొంత చీరల దగ్గర మాత్రం మొండికేశాడు. "నా మగ్గం మీద నా ఇష్టం" అని కలనేతలే నేస్తూ వచ్చాడు.

ఆ సమయంలోనే హిందూపురం నుంచి మాకు తెలియని ఒకావిడ నాకు ఫోన్ చేసింది. కూతురి పెళ్ళికట. మా బంధువులమ్మాయి గ్రూపులో పాత ఫోటో చూసిందట, అట్లాంటిదే పచ్చ చీర కావాలంది. అప్పటికి లాక్‌డౌన్ ఒక పాత ముచ్చట. నాయన నా చేత చెప్పించాడు, ఒకసారి వచ్చి చూసుకోమని. హిందూపురం నుంచి ధర్మవరం ఎంత దూరం? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవచ్చు. "పెండ్లి పన్లుండాయమ్మా, యాడొచ్చేది? ఫోటో చూసినా గదా, బాగుండాది, పంపించేయండి" అంది. రెండు రంగులుంటాయని నేను చెప్పాను. "ఆ, సరే సరే" అంది. విన్నదో లేదో ఆ దేవుడికే తెలియాలి.

నాయన అవే రంగుల్లో నేసిన ఇంకో చీర పార్సిల్ పోయింది. ఆమె ట్యూబులైటు కింద విప్పి చూసుకుంది. ఎర్రగా కనబడింది. మాకు ఫోన్ చెయ్యలేదు. ఒక్క ఫోన్! చీరను వెనక్కు పార్సిల్ చేసి, నాయన ఫోటోకు తన గొంతు జత చేసి గ్రూపుల్లోకి వదిలింది. నాయన ఆమె డబ్బు ఆమెకు నా చేత వెంటనే పంపించాడు. అప్పటికి ఆ గొంతు సంగతి మాకు తెలియదు.

ఆయన దాన్ని మొదట విన్నది టీ అంగడి దగ్గర, ఇంకో నేతగాడి ఫోన్లో. పక్కన సావుకారి గుమాస్తా ఉన్నాడట. తెలిసినవాళ్ళు నలుగురున్నారట. ఎవరూ ఏమీ అనలేదట. అమ్మ నాకు ఫోన్ చేసి, "ఇంటికొచ్చి మగ్గంలోకి దిగలేదు. అన్నం గూడా ముట్టలేదు. గోడకు ముఖం పెట్టి పండుకున్నాడు" అంది. నేను సెలవు పెట్టి మరుసటి రోజే ధర్మవరం పోయాను. నాయన నన్ను చూసి లేచి కూర్చున్నాడు. "చీర బాగలేదంటే మాట పడేవాణ్ణి. చీరను అనలేదమ్మా, నన్ను అనింది" అన్నాడు. ఇంత వయసు వచ్చినాక ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడ్డం నాకు అదే మొదలు.

తిరిగొచ్చిన పార్సిల్ మీద ఆమె ఇంటి అడ్రసు ఉంది. చీర సంచిలో పెట్టుకుని బయల్దేరాను. "యాడికి పోతాండావు? వద్దు. ఊరికి తెలిసిపాయ, ఇంగ పోయి ఏం చేస్తావు?" అని నాయన. "కందకు లేని దురద కత్తిపీటకేంటికి?" అని అమ్మ. కందకు కూడా ఉందమ్మా దురద, అది గోక్కోలేక గోడవైపు తిరిగి పడుకుంది, అని చెప్పి రైలెక్కాను. దారి పొడవునా ఆమెను తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా పెట్టుకున్నాను. పెనుకొండ స్టేషన్ వచ్చినా దిగబుద్ధి కాలేదు.

హిందూపురంలో ఆమె ఇల్లు సులువుగానే దొరికింది. తలుపు తీసిన మనిషిని చూస్తే నా తిట్లు సగం గొంతులోనే ఆగిపోయాయి. నా వయసే ఉంటుంది. చేతికి పిండి. "రామ్మా, కూర్చో" అంటూ, ఎవరో ఏమిటో అడక్కుండానే మంచినీళ్ళిచ్చింది. నేనెవరో చెప్పాను. ఆమె ముఖం బిగుసుకుంది.

"దుడ్లు వాపసొచ్చినాయి గదమ్మా, ఇంగేముండాది?" అంది.

"దుడ్ల కోసం రాలేదక్కా. మా నాయనను మోసగాడన్నావు, దానికొచ్చినా."

సంచిలోంచి చీర తీసి వరండాలో పరిచాను. నేనింకా నోరు విప్పకముందే ఆమె లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. పాత ఫోటో తీసి చీర పక్కన పెట్టింది. "చూడు, ఈడ పచ్చగా ఉండాదా? ఈడ ఎర్రగా ఉండాది" అంది. మడత తిప్పి చూడక్కా అన్నాను. తిప్పలేదు. ఫోన్ ఎత్తి చీరకు ఇంకో ఫోటో తీసింది. ఆ కొత్త ఫోటోను, పాత ఫోటోను ముందుకూ వెనక్కూ జరుపుతూ పోల్చి చూసింది. చీర ఆమె మోకాళ్ళ మీద ఉంది! పట్టు ఆమె చేతికి తగులుతోంది! ఆమె కళ్ళు మాత్రం ఫోన్లో ఉన్నాయి. "రెండూ వేరే వేరే, నువ్వే చూడు" అని నాకు ఫోన్ చూపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఫోన్ కింద పెట్టు!" అని అరిచాను. పరాయి ఇంట్లో, మంచినీళ్ళిచ్చిన మనిషి మీద. ఆమె ఉలిక్కిపడి నిజంగానే కింద పెట్టింది. నేను చీర కొంగు భుజాన వేసుకుని వరండా మెట్లు దిగి ఎండలోకి పోయాను. వెనక్కు తిరిగి మళ్ళీ నీడలోకి వచ్చాను. మళ్ళీ ఎండలోకి పోయాను. వీధిలో పోయేవాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో... ఇది కలనేత గదా! మా అమ్మకుండెనే ఇట్లాంటిది. నా పెండ్లిలో అదే కట్టుకుండె" అంది. తెలియక కాదు చూడండి, తెలిసిన మనిషే. తన తల్లి ఒంటి మీద చూసినదాన్నే ఫోన్లో చూసేసరికి గుర్తుపట్టలేదు. ఆమె మీద నాకు జాలి పుట్టాలి కాబోలు, పుట్టలేదు. ఇంకా కోపమొచ్చింది.

మనిషి చెడ్డది కాదు. నా ముందే మళ్ళీ గొంతు రికార్డు చేసి, "తప్పు నాదే, ఆయప్ప మంచోడు, నేను సరిగ్గా చూసుకోల్యా" అని ఆ గ్రూపులోనే పెట్టింది. చీర మళ్ళీ ఇమ్మంది. ఇవ్వనన్నాను. కావాలంటే ధర్మవరం వచ్చి గడప లోపల ఒకసారి, బయట ఒకసారి చూసుకుని కొనుక్కో అన్నాను. వస్తానంది. రాలేదు. కొన్నాళ్ళకు, "కొత్త చీరలుంటే ఫోటోలు పెట్టమ్మా" అని నాకే పంపింది.

ఆమె చెప్పుకున్న తప్పును ఎవరూ ఎవరికీ పంపలేదు. ఒక మనిషిని దొంగ అంటే పదిమందికి పంపాలనిపిస్తుంది, దొంగ కాదంటే ఎవరికేం పట్టింది? నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలన్నారు. ఫోన్లో ఏది నిలకడగా ఉంటుంది గనక! మొదటి గొంతు మడకశిర పోయింది, పుట్టపర్తి పోయింది, మేము పేరు కూడా వినని ఊళ్ళకు పోయింది. ఎవరిని పట్టుకుని కొట్లాడను? ఆ ఒక్కదాని ఇంటికైతే పోగలిగాను, దాన్ని పంపినవాళ్ళందరి ఇళ్ళకూ ఏ రైలెక్కి పోవాలి?

నాయన మళ్ళీ మగ్గంలోకి దిగాడు. మేం సంతోషించాం. సొంత చీరే వేశాడు. కొన్నాళ్ళకు పోయి చూస్తే పడుగూ గులాబీ, పేకా గులాబీ. ఎటు తిప్పినా గులాబీ. తర్వాతిది నీలం మీద నీలం. సావుకారికి తెగ నచ్చాయట. ఏం నాయనా, కలనేత వెయ్యలేదా అంటే, "వాటిని అడిగేటోళ్ళు లేరులేమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. మా అమ్మ నన్ను చూసి ఇక అడగొద్దన్నట్టు సైగ చేసింది.

మొన్న పోయినప్పుడు నేనే అడిగాను. అడిగేవాళ్ళు లేరన్నావు కదా, నేను అడుగుతున్నాను, నాకొక కలనేత నేసివ్వు అన్నాను. పడుగు వంకాయ రంగు, పేక చిలకపచ్చ. నా పెళ్ళికి ఆయన నేసిన చీర రంగులవే. ఆ మాట వింటే ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను.

నాయన పేక విసిరే నాడె ఆపాడు. "ఫోటో ఒగటి పెట్టమ్మా" అన్నాడు. "ఫోన్లో నీకు యా రంగు కనబడాల్నో, అది చూసుకొని నేస్తా. మళ్ళ నువ్వు గూడా ఒగ మాట అనగూడదు."

వెటకారమేమో అని ఆయన ముఖంలోకి చూశాను. వెటకారం లేదు. మగ్గం గుంత పక్కనే, చేయి చాస్తే ఆయనకు తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను నేను, ఆయన కడుపున పుట్టిన కూతుర్ని.